శనివారం ఒంటిపూట, ఆదివారం వంద కిలోమీటర్లు: ఒక ట్రయాథ్లాన్ కేసు

37 ఏళ్ల మహిళ. గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం, ఏడేళ్ల బాబు, ఇంట్లో అత్తమామలు. 2024 జులై చివరి వారంలో ఎడమ ముంగాలి (మోకాలి కింద కాలి ముందుభాగం) నొప్పితో నా క్లినిక్‌కి వచ్చారు. అప్పటికే అక్టోబర్ 27న గోవాలో జరగబోయే ఐరన్‌మ్యాన్ 70.3 అనే ట్రయాథ్లాన్ పోటీకి డబ్బు కట్టేసి ఉన్నారు. కుర్చీలో కూర్చుంటూనే అడిగారు: "డాక్టర్ గారూ, ఇది షిన్ స్ప్లింట్సే కదా? టేప్ వేస్తే ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ లాగించేయొచ్చు కదా?"

ఆవిడ అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. స్పోర్ట్స్ ఫిజియోగా నా దగ్గరికి వచ్చే ముంగాలి ఎముక కేసుల్లో ఇదేమీ అరుదైనది కాదు. రాయడానికి కారణమూ అదే.

70.3 అంటే మైళ్ల లెక్క. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. మొత్తం 8 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. ఒలింపిక్ దూరమైతే 1.5, 40, 10. ఆవిడ ఆ ఏడాది మొదట్లో ఒలింపిక్ దూరం పూర్తి చేశారు. ఆ ఊపులోనే గోవాకి పేరిచ్చారు.

జూన్ వరకు

పరుగుతో మొదలైంది. బాబు పుట్టాక పెరిగిన బరువు తగ్గించుకోవడానికి కేబీఆర్ పార్కు చుట్టూ నడక, నడక నుంచి పరుగు, ఆపైన 10కె, అంటే 10 కిలోమీటర్ల పరుగు. ఈత మాత్రం 36వ ఏట నేర్చుకున్నారు. ఆవిడ భర్త చిన్నప్పుడే ఊళ్లో వ్యవసాయ బావిలో నడుముకి బెండు కట్టుకుని దూకి నేర్చుకున్నారట. అదే బావి గట్టున ఆడపిల్లలు బట్టలు ఉతికి వచ్చేవాళ్లు. మన దగ్గర ట్రయాథ్లాన్‌కి వచ్చే మహిళల్లో చాలామందిది ఇదే కథ. పెద్దయ్యాక, అదీ లేడీస్ బ్యాచ్ టైమింగ్ ఆఫీసు వేళలతో తన్నుకుంటుంటే, నీళ్లలో ఊపిరి వదలడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

వారం ఇలా ఉండేది. రెండు ఈతలు, మూడు పరుగులు, మంగళవారం ఇంట్లోనే ట్రైనర్ స్టాండుకి బిగించి ఉన్నచోటే తొక్కే సైకిల్. ఆదివారం తెల్లవారుజామున అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్‌కి వెళ్లి 80 నుంచి 100 కిలోమీటర్లు, దిగీదిగగానే 5 కిలోమీటర్ల పరుగు. దీన్నే 'బ్రిక్' అంటారు. సైకిల్ దిగిన కాళ్లు పరుగుకి అలవాటు పడాలి కాబట్టి తప్పదు. రాత్రి పదకొండున్నర దాకా అమెరికా కాల్స్, పొద్దున నాలుగున్నరకి అలారం. ట్రైనింగ్ గ్రూపులో అందరికీ ఒకటే చార్టు వాట్సాప్‌లో వస్తుంది. పెళ్లికాని పాతికేళ్ల కుర్రాడికీ ఆవిడకీ అదే.

అయినా జూన్‌లో అన్నీ కలిసొచ్చాయి. 10కెలో ఆవిడ అత్యుత్తమ సమయం ఆ నెలలోదే. ఎనిమిది నెలల్లో బరువు 59 నుంచి 54 కిలోలకి దిగింది. ఆఫీసులో అందరూ "సూపర్ ఫిట్" అన్నారు. ఒక పెళ్లిలో మాత్రం మేనత్త చెయ్యి పట్టుకుని "ఏందే, గింత చిక్కిపోయినవ్?" అని అడిగిందట. ఇది చెప్పి ఆవిడ నవ్వారు. నేను నోట్స్‌లో రాసుకున్నాను. ఆ ఏడాది మొత్తంలో సరైన క్లినికల్ పరిశీలన చేసింది ఆ మేనత్త ఒక్కతే.

కాలు ఏం చెప్పింది

షిన్ స్ప్లింట్స్ అంటే పరుగు ఒత్తిడికి ముంగాలి ఎముక అంచు నొప్పెక్కడం. అదైతే ఆ ఎముక లోపలి అంచు వెంట పొడుగునా, కనీసం ఓ ఐదు సెంటీమీటర్ల మేర, నొక్కితే నొప్పి ఉంటుంది. పరుగు మొదట్లో నొప్పి పుట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. ఈవిడకి అలా లేదు. ఎముక మధ్యభాగం, కిందిభాగం కలిసేచోట బొటనవేలితో నొక్కితే ఒక్కచోటే, రెండు సెంటీమీటర్ల మేర ప్రాణం పోయేంత నొప్పి. పరుగెత్తే కొద్దీ పెరుగుతోంది. రెండు వారాలుగా రాత్రి పక్కమీద కూడా సలుపుతోంది. ఎడమకాలి మీద గెంతమంటే ఒక్క గెంతుకే ఆగిపోయారు. ఒంటికాలి మీద మడమ ఎత్తే పరీక్షలో కుడివైపు 24, ఎడమవైపు 14.

అప్పటికే బయట తీయించిన ఎక్స్‌రే తెచ్చారు, నార్మల్. దాన్ని చూపించి ధైర్యంగా ఉన్నారు. ఎముక ఒత్తిడి గాయాలు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకి చాలావరకు దొరకవు. నార్మల్ ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని పరుగెత్తి, నెల తర్వాత విరిగిన ఎముకతో వచ్చినవాళ్లను చూశాను. ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపితే ఆయన ఎంఆర్ఐ రాశారు. ఎముకపొర దగ్గరా లోపల మజ్జలోనూ వాపు ఉంది, పగులు గీత లేదు. ఎముక ఒత్తిడి గాయమే, నాలుగు గ్రేడుల్లో రెండోది. గాయం ఎముక లోపలి అంచున ఉండటం మా అదృష్టం. అదే ముందువైపు అంచున ఉండి ఉంటే మానడం చాలా కష్టం, ఒక్కోసారి ఆపరేషన్ దాకా పోతుంది.

టేపు మాట అక్కడితో ముగిసింది.

కాలు దాటి అడిగినవి

గ్రేడ్ 2కి పరుగు ఆపి, ఆరు వారాలాగి, మెల్లగా మొదలుపెట్టమని చెప్పి పంపేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ వారానికి 30 కిలోమీటర్ల పరుగుకి 37 ఏళ్ల ఎముక ఎందుకు లొంగిపోయింది? ఆ దూరం పెద్దదేం కాదు, బూట్లు కొత్తవే, పరుగు ఒక్కసారిగా పెంచిందీ లేదు. అందుకని నెలసరి గురించి అడిగాను. ట్రైనింగ్ గ్రూపుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కోచ్‌లు మగవాళ్లైతే వాళ్లు అడగరు, వీళ్లు చెప్పరు. ఎప్పుడూ 28, 30 రోజులకి వచ్చేది ఏప్రిల్ నుంచి 40 రోజులు దాటుతోంది. జూన్‌లో అసలు రాలేదు. "ఆఫీసు టెన్షన్ అనుకున్నానండీ, పైగా హాయిగానే ఉంది కదా అని ఊరుకున్నా" అన్నారు.

గైనకాలజిస్ట్ దగ్గర గర్భం లేదని తేల్చారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 11.4, ఫెరిటిన్ 11, విటమిన్ డి 17, మూడూ తక్కువే. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి 11.4 చూసి మన దగ్గర ఎవరూ కంగారుపడరు. నేను చూసేది ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము. అది 30 దిగితే పరుగులో ఆయాసం రూపంలో తెలియొచ్చు. 11 అంటే డబ్బా అడుగున గీకడమే.

తర్వాత ఏడు రోజుల తిండి డైరీ రాయమన్నాను. ఎంత తిన్నారో ఒకవైపు, వాచీ చూపించిన వ్యాయామం ఖర్చు మరోవైపు. వాచీ కేలరీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు కానీ, ఇక్కడ తేడా ఎంత పెద్దదంటే అది పదిహేను శాతం తప్పు చెప్పినా ఫలితం మారదు.

లెక్క ఇలా వేస్తాం. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చైనవి తీసేసి, మిగిలినదాన్ని కొవ్వు మినహా ఒంటి బరువుతో భాగిస్తాం. ఈవిడకి ఆ బరువు సుమారు 41 కిలోలు. కిలోకి 45 దగ్గర ఉంటే ఒళ్లు నిశ్చింతగా ఉంటుంది, 30 దిగితే పొదుపు మొదలుపెడుతుంది. స్కూలు ఫీజు, కరెంటు బిల్లు కట్టాక చేతిలో ఏమీ మిగలని ఇంట్లో ముందు ఆగిపోయేది గోడ మరమ్మతే. ఒంట్లోనూ అంతే. గుండె, మెదడు వాటి వాటా అవి తీసుకుంటాయి. ఎముక బాగుచేత, నెలసరి వెనక్కి పోతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టింది. మగవాళ్లకీ వస్తుంది. వాళ్లకి నెలసరి లాంటి గంట మోగదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

సోమ నుంచి శుక్ర దాకా ఆవిడ లెక్క రోజుకి 30 దగ్గర తేలింది. అంచు మీద నడక, అంతే. అసలు సంగతి వారాంతంలో ఉంది. శనివారం పొద్దున ఈత, 8 కిలోమీటర్ల పరుగు కలిపి 650 కేలరీల ఖర్చు. తిన్నది 900. మిగిలిన 250ని 41తో భాగిస్తే 6. ఆదివారం వంద కిలోమీటర్లు ఖాళీ కడుపుతో, కొవ్వు కరుగుతుందని ఎవరో చెబితే ఒక బ్లాక్ కాఫీ మీద. తిన్నది 2100, ఖర్చు 1900, లెక్క 5. ఏడు రోజుల సగటు 23.

శనివారం అంత తక్కువేమిటని అడిగితే, వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటానన్నారు. మధ్యాహ్నం కొంచెం అన్నం, పప్పు, మజ్జిగ. రాత్రికి గ్లాసు పాలు.

అత్తగారి మాట

ఇక్కడ ఫిజియోలు, డైటీషియన్లు ఎక్కువగా చేసే పని "ఉపవాసాలు మానేయండి" అని రాసివ్వడం. పేషెంట్ తలూపి వెళ్తుంది, మానదు, మళ్లీ రాదు. నాకు ఆ సలహా ఇచ్చే హక్కు లేదు, అవసరమూ కనిపించలేదు. వచ్చేసారి ఇంట్లో వంట చూసేవాళ్లని తీసుకురమ్మన్నాను. అత్తగారు వచ్చారు. శనివారం రాత్రి ఏం తింటారని కోడలి ముందే ఆవిడని అడిగాను.

"నేను నలభై ఏండ్ల సంది ఉంటున్న డాక్టరమ్మా శనివారం. అన్నం ఒక్కపూటే. రాత్రికి ఉప్మానో, జొన్నరొట్టెనో చేసుకుంటం, పండ్లు తింటం. కడుపు మాడ్చుకొమ్మని ఎవరు చెప్పిన్రు ఈమెకు?"

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. మొదట్లో రాత్రి ఫలహారం తానూ చేసేవారట. మార్చిలో బరువు తగ్గడం ఆగిపోయేసరికి అది తీసేశారు. ఇంట్లో అడిగితే దేవుడి పేరు చెప్పొచ్చు, ఎవరూ బలవంతం చేయరు. అంటే ఆవిడని కొట్టింది ఒంటిపూట కాదు, ఒంటిపూట చాటున దాక్కున్న డైటింగ్. జూన్‌లో ఆ రికార్డు సమయం కూడా ఈ లెక్కలోదే. ఐదు కిలోలు తగ్గిన ఒళ్లు కొన్నాళ్లు తేలిగ్గా పరుగెడుతుంది. అదే నెలలో నెలసరి తప్పింది, ఎముక లోపల వాపు తయారవుతోంది. క్లినిక్‌లో ఎవరైనా "ఈ మధ్య అద్భుతంగా పరుగెడుతున్నానండీ" అంటే, బరువు ఎంత తగ్గారని నేను వెంటనే అడగడానికి కారణం ఇలాంటి కేసులే.

అత్తగారు, కోడలు, నేను కలిసి శనివారాన్ని మళ్లీ రాశాం. మధ్యాహ్నం అన్నం ఒక్కపూటే, కానీ కడుపునిండా: ముద్దపప్పు, నెయ్యి, ఆలుగడ్డ కూర, గడ్డపెరుగు. సాయంత్రం ఖర్జూరాలు, పల్లీపట్టీ. రాత్రికి జీడిపప్పు వేసిన ఉప్మా, రెండు అరటిపండ్లు, పాలు. ఆ రోజు పరుగు ఉండదు, ఈతలో కూడా టెక్నిక్ మాత్రమే. నియమం ఎక్కడా తప్పలేదు, 900 కేలరీలు 1900 దాటాయి. ఇనుము మాత్రలు ఫిజీషియన్ రాశారు. నేను చెప్పిందల్లా టిఫిన్ అవగానే టీ తాగొద్దని, ఒక గంట ఆగమని, పప్పులో నిమ్మకాయ పిండుకోమని. టీ ఇనుమును అడ్డుకుంటుంది, నిమ్మరసం సాయం చేస్తుంది. ఆఫీసులో నాలుగు టీలు తాగే మనిషికి ఇది మాత్ర మింగడం కంటే కష్టమైంది.

ఎముక మానడం, పోటీ మారడం

మామూలు నడకలో నొప్పి లేదు కాబట్టి కాలు కదలకుండా పట్టి ఉంచే ఆర్థోపెడిక్ బూటు వేయలేదు. నొప్పి రానంతవరకు సైకిల్‌కి అనుమతి. పరుగు బదులు లోతు నీళ్లలో నడుముకి బెల్టు కట్టుకుని పరుగు. కాళ్లు అదే కదలిక చేస్తాయి, నేల తాకదు. భరించలేనంత విసుగు, కానీ పనిచేస్తుంది. మడమ ఎత్తే వ్యాయామం మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో, ఆపైన వీపు సంచిలో బాబు స్కూలు పుస్తకాలు వేసుకుని. పిక్క కండరం బలంగా ఉంటే ముంగాలి ఎముక మీద పడే వంపు భారం తగ్గుతుంది.

ఆగస్టు గడ్డుగా గడిచింది. హైదరాబాద్ మారథాన్ రోజు గ్రూపులో అందరి మెడల్ ఫొటోలు చూసి, వాట్సాప్ తీసేసి, రెండు సెషన్లకి నా దగ్గరికీ రాలేదు. మూడోదానికి వచ్చి, బరువు కిలోన్నర పెరిగిందని ఏడ్చారు. పెరగాలనే కదా ఇదంతా చేస్తున్నామని చెప్పాను. అర్థమైంది కానీ నచ్చలేదు. గాయంలో కాలు కంటే ముందు బతికించుకోవాల్సింది మనిషి రోజునని ఇలాంటప్పుడు అనిపిస్తుంది. ఆదివారం పొద్దున నాలుగున్నరకి లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండాలి. అందుకే పరుగు లేకపోయినా సైకిల్ ట్రాక్‌కి గ్రూపుతోనే వెళ్లమన్నాను, అరటిపండు తినకుండా కదలకూడదనే షరతుతో.

సెప్టెంబర్ రెండో వారంలో నొక్కితే నొప్పి పోయింది, గెంతులు నొప్పి లేకుండా వచ్చాయి, నెలసరి 33 రోజులకి వచ్చింది. నడక, పరుగు నిమిషం నిమిషంగా మొదలుపెట్టాం. అడుగుల వేగం నిమిషానికి 158 ఉండేది. 168కి పెంచితే ఒక్కో అడుగు పొట్టిదై ఎముక మీద దెబ్బ తగ్గుతుంది. టిక్ టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ చెవిలో పెట్టుకుని నేర్చుకున్నారు. అక్టోబర్ మొదటికి 6 కిలోమీటర్లు బాగానే చేశారు. అక్కణ్నుంచి మూడు వారాల్లో 90 కిలోమీటర్ల సైకిల్ మీద 21 కిలోమీటర్లా? కుదరదన్నాను. ఆవిడ వాదించారు. చివరికి ఇద్దరు సహోద్యోగులతో కలిసి రిలేకి ఒప్పుకున్నారు, ఈత ఆవిడ వంతు. రిలే అంటే మనవాళ్లకి చిన్నచూపు. 2022లో ఇదే గోవాలో రిలేలో సైకిల్ మాత్రమే తొక్కిన ఎంపీ తేజస్వీ సూర్య 2024లో మొత్తం పోటీని ఒంటరిగా ముగించారు. ఆ వార్త చూశాక ఆవిడ అలక తీరింది.

రిలే వల్ల అనుకోని లాభం ఒకటి జరిగింది. కొలనులో 1.9 కిలోమీటర్లంటే 25 మీటర్ల పొడవులు 76. ప్రతి పాతిక మీటర్లకి గోడ, గోడని తన్నితే రెండు సెకన్ల విశ్రాంతి. సముద్రంలో గోడ ఉండదు, కింద నల్లగీత ఉండదు, పక్కవాడి మోచేయి ఉంటుంది. మిరామార్ బీచ్‌లో మొదటి 200 మీటర్లలో ఊపిరి అందక వెల్లకిలా తిరిగి తేలారట. ఆకాశం చూస్తూ శ్వాస కుదుటపడ్డాక మళ్లీ కదిలారు. ఆ గాభరా ఈత మాత్రమే ఉన్న రోజున తీరిపోవడం మంచిదైంది.

2025

రెండో ఏడు రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అలా ఉండటమే కావలసింది. చార్టు ఆవిడ వారం చూసి రాశాం. అమెరికా రిలీజ్ ఉన్న వారం శిక్షణ సగం. ఆరు గంటల నిద్ర లేని మర్నాడు గట్టి పరుగు లేదు. జనవరిలో ఫెరిటిన్ 34, ఏప్రిల్‌లో 41. మే ఎండల్లో గంట పరుగుకి ముందూ తర్వాతా బరువు తూచాం, 900 గ్రాములు చెమటగా పోతోంది. దాన్నిబట్టి ఓఆర్ఎస్ నీళ్ల లెక్క కట్టాం. పోటీల్లో మింగే ఎనర్జీ జెల్స్ పడలేదు, రెండుసార్లు వాంతి అయింది. సైకిల్ మీద ఉప్పు వేసి ఉడికించిన చిన్న ఆలుగడ్డలు, ఖర్జూరం బెల్లం లడ్డూ, గ్లూకోజ్ కలిపిన నీళ్లు. గంటకి 55 గ్రాముల పిండిపదార్థం దగ్గర కుదిరింది. సెప్టెంబర్‌లో గ్రూపుతో విశాఖ వెళ్లి, అలలు తెలిసిన స్థానిక ఈతగాళ్ల తోడుతో రుషికొండలో సాధన చేశారు. ఆ తీరంలో ఒంటరిగా దిగొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

ఆ ఏడు పోటీ నవంబర్ 9, ఆదివారం. కార్తీకమాసం నడుస్తోంది. బుధవారం 5న పౌర్ణమి, పోటీ మర్నాడే కార్తీక సోమవారం. పౌర్ణమి ఉపవాసం గురించి ఈసారి ఆవిడే ముందుగా అడిగారు. నేను అత్తగారికి ఫోన్ ఇవ్వమన్నాను. "365 వత్తులు నేను ముట్టిస్త, ఉపాసం నేనుంట. నువ్వు తినిపో బిడ్డా" అని తేల్చేశారావిడ.

ఈత 56 నిమిషాలు. సైకిల్ 3 గంటల 52 నిమిషాలు, చివరి 20 కిలోమీటర్లలో ఎదురుగాలి. పరుగు 2 గంటల 47 నిమిషాలు, ప్రతి నీళ్ల టేబుల్ దగ్గర నడక, టోపీలో మంచుముక్కలు. బట్టలు, బూట్లు మార్చుకున్న సమయంతో కలిపి 7 గంటల 49 నిమిషాలు. బరువు 57 కిలోలు. జూన్ 2024 కంటే మూడు కిలోలు ఎక్కువ, 10కె సమయం ఇప్పటికీ అప్పటికంటే నిమిషంన్నర వెనకే. ఆ నిమిషంన్నర ఆవిడకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నాకైతే అది తిరిగి రాకపోయినా పరవాలేదు.

సోమవారం సాయంత్రం గోవా నుంచి ఫోన్ చేశారు. కాలు నొప్పి లేదు, మెట్లు మాత్రం వెనక్కి తిరిగి దిగుతున్నారట. ఫుల్ ఐరన్‌మ్యాన్ గురించి అడిగారు: 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. డిసెంబర్‌లో ఫెరిటిన్, విటమిన్ డి మళ్లీ చూడాలి, దీర్ఘ పోటీ తర్వాత రెండు నెలసరులు సమయానికి రావాలి, అప్పుడు మాట్లాడదామన్నాను. డిసెంబర్ రిపోర్టులో ఫెరిటిన్ 29. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి, ఫుల్ సంగతి పక్కన పెట్టాం, వచ్చే శీతాకాలం దాకా ఒలింపిక్ దూరాలే.